ఆధారం కనబడకపోతే దేవుడు లేనట్టేనా?



మన సంఘంలోని యౌవనస్థులు, ముఖ్యంగా హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవారూ పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్నవారూ, పండుగకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతున్నారు. దేవుడున్నాడనడానికి ఆధారమేది, ఆధారం లేనప్పుడు నమ్మకపోవడమే న్యాయం కదా అని. కొందరు పెద్దలు వారిని గద్దిస్తున్నారు. మాకది సరి అనిపించడం లేదు. నేను చూస్తేగాని నమ్మనన్న తోమాను ప్రభువు బయటికి పంపివేయలేదు. మిగిలిన శిష్యులు కూడా ఆ ఎనిమిది రోజులూ అతన్ని తమ మధ్యనే ఉంచుకున్నారు. మన నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమని పేతురు కూడా వ్రాశాడు. కాబట్టి ఈసారి ప్రసంగం పక్కన పెట్టి కాస్త చరిత్ర చూద్దాం.

ముందు ఒక చిన్న మాట. నిన్న రాత్రి మన వరి చేలో ఏనుగు పడిందని ఎవరైనా చెబితే ఏం చేస్తాం? పొద్దున్నే వెళ్ళి చూస్తాం. ఒక్క దుబ్బు తొక్కుడు పడలేదు, బురదలో ఒక్క అడుగు లేదు. అబద్ధం అంటాం. అలా అనడం న్యాయమే. అదే రాత్రి ఆ గట్టు మీద ఒక చీమ నడిచిందని చెబితే? జాడ కనబడలేదు గనుక చీమ రాలేదు అని ఎవరూ అనరు. రెండు చోట్లా జాడ లేదు. ఒకచోట లేకపోవడం సాక్ష్యం, ఇంకోచోట అది ఏమీ కాదు. ఈ తేడా తెలియక అటు నాస్తికులూ ఇటు మన బోధకులూ చాలా గొంతు చించుకుంటున్నారు.

మన గుంటూరు నుండే మొదలుపెడదాం. 1868 ఆగస్టు 18 ఉదయం ఆ ఊరి మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గ్రహణమంటే మన ఊళ్ళలో తలుపులు మూసుకొని, కడుపుతో ఉన్న ఆడపిల్లలను గడప దాటనీయకుండా కూర్చునే సమయం. ఈ భయం కొన్ని విశ్వాసుల ఇళ్ళలో నేటికీ పోలేదు, అది వేరే సంగతి. అదే గ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సు నుండి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి గుంటూరు వచ్చాడు. ఇంగ్లీషువారి తరఫున మేజర్ టెన్నెంట్ అనే అధికారి కూడా గుంటూరులోనే దిగాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుండి పాగ్సన్ బందరు వెళ్ళాడు. హయ్యర్ దొరగారు 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టి అప్పటికి 26 ఏళ్ళు.

చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుని అంచు చుట్టూ ఎర్రని మంటలు ఎగసిపడుతూ కనిపిస్తాయి. ఆ మంటల వెలుగును స్పెక్ట్రోస్కోపు అనే పరికరంతో రంగులుగా విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. ఏ మూలకం మండితే ఆ మూలకానికి సొంత గీతలు వస్తాయి, మన వేలిముద్రల్లాగా. ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి ఉంది. ఉప్పులో ఉండే సోడియానికి కూడా పసుపు గీతలే ఉంటాయి గనుక అది సోడియమే అనుకోవడం సహజం. కానీ కొలిచి చూస్తే ఆ గీత సరిగ్గా సోడియం చోటులో పడడం లేదు. జాన్సెన్ మరునాడు గ్రహణం లేకుండానే ఆ మంటలను గుంటూరు నుండే మళ్ళీ చూశాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకయర్ అనే ఆయన కూడా తన సొంత పద్ధతిలో అలాగే చూశాడు. ఈ పసుపు గీత భూమ్మీద మనకు తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేల్చింది లాకయరే. సూర్యునికి గ్రీకు మాట హీలియోస్. అందులో నుండి ఆ తెలియని పదార్థానికి హీలియం అనే పేరు వచ్చింది.

ఇక్కడే గొడవ మొదలైంది. భూమ్మీద ఎక్కడా ఒక్క బుడగంత హీలియం కూడా ఎవరి చేతికీ దొరకలేదు. ఏదో తెలిసిన వాయువే అక్కడి వేడికి వేరుగా కనబడుతున్నదేమో అని చాలామంది రసాయన శాస్త్రవేత్తలు సందేహించారు. వారు తెలివితక్కువవారు కారు. చేతికి దొరకనిదాన్ని పట్టికలో ఎక్కించం అనడం శాస్త్రంలో మంచి అలవాటే. అలా 27 ఏళ్ళు గడిచాయి. 1895లో లండనులో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును పరీక్షించాడు. అదే పసుపు గీత, అదే చోట. ఆ రాయిలో హీలియం మొదటి నుండీ ఉంది. దాన్ని అడగవలసిన విధంగా అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఈరోజు గుంటూరు ఆసుపత్రిలో మీరు ఎం.ఆర్.ఐ. తీయించుకుంటే ఆ యంత్రంలోని అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ఆ హీలియమే.

ఈ కథ విని మన బోధకులు కొందరు వెంటనే హల్లెలూయ అని, చూశారా, కనబడకపోయినా ఉంటుంది, దేవుడూ అంతే అని ముగించేస్తారు. అంత తొందర వద్దు. ఆ కాలంలోనే దీనికి పక్కన ఇంకో కథ నడిచింది. దాన్ని దాచిపెడితే మనం నిజాయితీపరులం కాము.

ఫ్రాన్సులో లెవెర్రియే అనే గొప్ప గణితవేత్త ఉండేవాడు. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదు గనుక దాని అవతల కనబడని గ్రహం ఒకటి లాగుతున్నదని కాగితం మీదే తేల్చాడు. 1846 సెప్టెంబరు 23న బెర్లినులో గాలె అనే ఆయన ఆ చెప్పిన వైపు దుర్భిణి తిప్పితే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత 1859లో లెవెర్రియే అదే పద్ధతిలో బుధుడి నడకలో తేడా చూపించి, సూర్యునికీ బుధునికీ మధ్య ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. ఒక పల్లెటూరి డాక్టరు సూర్యబింబం మీదుగా చుక్క దాటిపోవడం చూశానన్నాడు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ వెతికారు. 1878లో అమెరికాలో గ్రహణం పట్టినప్పుడు ఇద్దరు చూశామన్నారు గాని మిగిలినవారెవరికీ అది కనబడలేదు. లెవెర్రియే అంతకు ముందు ఏడాదే, ఆ గ్రహం ఉందని నమ్ముతూనే చనిపోయాడు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతంతో బుధుడి నడకకు లెక్క సరిపోయింది. వల్కన్ లేదు. ఎప్పుడూ లేదు.

అంత మేధావి చెప్పిన గ్రహాన్ని లేదని ఎందుకు తోసివేశారు? అది ఉంటే ఫలానా చోట, ఫలానా సమయంలో, ఫలానా దుర్భిణికి కనబడి తీరాలి. అక్కడ, అప్పుడు, దానితోనే వెతికారు. లేదు. అది వరి చేలో ఏనుగు. కాబట్టి ఆధారం లేకపోవడం అవిశ్వాసానికి ఎప్పుడూ కారణం కాదు అని మన పిల్లలకు చెప్పకండి. వారు చదువుకున్నవారు, వెంటనే పట్టుకుంటారు. కొన్నిసార్లు అది మంచి కారణమే. అడగవలసింది ఒక్కటి: ఈ సంగతి నిజమైతే దాని జాడ ఎక్కడ కనబడాలి, అక్కడ మనం వెతికామా?

అయితే నాస్తికుడు ఇక్కడ ఒక గట్టి మాట అంటాడు. మీ దేవుడు చీమ కాదు కదా, ఆకాశం పట్టనంత పెద్దవాడని మీరే పాడతారు, మరి అంత పెద్దవాడి అడుగుజాడ ఏదీ అని. ఈ ప్రశ్నను మేము గౌరవిస్తాం. మనవాళ్ళలో చాలామంది దీనికి జవాబుగా బైబిలు దేశాల్లోని తవ్వకాల వైపు పరుగెత్తుతారు. అక్కడేం దొరికిందో చూద్దాం.

దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలోని బెల్షస్సరు మీకు తెలుసు. విందు చేసి, యెరూషలేము దేవాలయపు పాత్రల్లో ద్రాక్షారసం తాగినవాడు. బబులోను చివరి రాజు నబోనిదు అని ప్రాచీన చరిత్రకారులు వ్రాశారు. బెల్షస్సరు అనే పేరు దానియేలునూ దాన్ని చూసి వ్రాసినవారినీ దాటితే ఎక్కడా లేదు. అందుచేత పందొమ్మిదవ శతాబ్దంలో కొందరు పండితులు అతన్ని కల్పిత పాత్ర అన్నారు. 1854లో బస్రాలో ఇంగ్లీషు కాన్సలుగా ఉన్న టేలర్ అనే ఆయన అబ్రాహాము ఊరని చెప్పే ఊరు దిబ్బలో తవ్వించాడు. అక్కడి పాత గోపురం మూలల్లో, కట్టడంలో దాచి ఉంచిన మట్టి స్తంభికలు దొరికాయి. చేతిలో పట్టేంత చిన్నవి, వాటి చుట్టూ మేకు అక్షరాలు. అందులో నబోనిదు తన దేవుడైన చంద్రునికి ప్రార్థన చేసుకుంటూ, తన జ్యేష్ఠ కుమారుని కోసం కూడా వేడుకున్నాడు. ఆ కుమారుని పేరు బెల్-షర్-ఉసుర్. మన బెల్షస్సరే.

రెండు వేల సంవత్సరాలకు పైగా ఆ పేరు ఆ మట్టిలోనే ఉంది. తర్వాత దొరికిన పలకల వల్ల ఇంకొంత తెలిసింది. నబోనిదు దాదాపు పదేళ్ళు రాజధాని వదిలి అరేబియాలోని తేమా అనే ఒయాసిస్సులో ఉండిపోయాడు, పరిపాలన పెద్ద కొడుకు చేతిలో పెట్టాడు. దానియేలుకు రాజ్యంలో మూడవ స్థానమే ఎందుకిస్తానన్నాడో ఇప్పుడు అర్థమవుతుంది. మొదటివాడు తండ్రి, రెండవవాడు తానే.

మాకు ఈ స్తంభికల కథ చాలా ఇష్టం. కానీ దాన్ని సగమే చెప్పడం మాకిష్టం లేదు. ఇప్పటిదాకా దొరికిన బబులోను పలకలు బెల్షస్సరును రాజకుమారుడనే పిలుస్తున్నాయి, రాజు అని కాదు. దానియేలు గ్రంథం అతన్ని రాజు అంటుంది, నెబుకద్నెజరును అతని తండ్రి అంటుంది. ఆ భాషల్లో తండ్రి అనే మాటకు పూర్వికుడు, ముందు రాజు అనే అర్థాలు కూడా ఉన్నాయని జవాబు చెప్పవచ్చు, అది కొట్టివేయదగ్గ జవాబు కాదు. అయినా ఒక ప్రశ్న తీరిస్తే ఇంకోటి లేచింది. తవ్వకాల సంగతి ఎప్పుడూ ఇంతే. ఇంకా ముఖ్యమైనది: ఆ మట్టి స్తంభిక బెల్షస్సరు ఉన్నాడని చెప్పింది గాని గోడ మీద వ్రాసిన చేతిని గూర్చి ఒక్క మాట చెప్పలేదు. ఎంత తవ్వినా రాజు దొరుకుతాడు, గోడ దొరుకుతుంది. ఆ చెయ్యి పారకు తగలదు.

యెరికో సంగతి ఇంకా కష్టం. 1930లలో గార్‌స్టాంగ్ అనే ఆయన అక్కడ తవ్వి, కూలిన గోడ ఒకటి చూపించి ఇది యెహోషువ కాలపు గోడే అన్నాడు. క్రైస్తవ లోకమంతా సంతోషించింది. 1952 నుండి 1958 వరకు కాథ్లీన్ కెన్యన్ అనే ఆమె ఇంకా జాగ్రత్తగా, పొర తర్వాత పొర తవ్వి, ఆ గోడ యెహోషువ కంటే చాలా శతాబ్దాల ముందుదని తేల్చింది. ఆమె లెక్కల మీద తర్వాత కొందరు అభ్యంతరాలు చెప్పారు గాని ఎక్కువమంది పండితులు ఆమె వైపే ఉన్నారు. మన సభల్లో మాత్రం గార్‌స్టాంగ్ గోడ ఇప్పటికీ నిలబడే ఉంది! తెలిసి అలా చెప్పడం అబద్ధ సాక్ష్యం. తొమ్మిదవ ఆజ్ఞ బైబిలు తరఫున చెప్పే అబద్ధాలకు మినహాయింపు ఇవ్వలేదు.

వాట్సాప్‌లో తిరిగే ఎర్రసముద్రపు రథ చక్రాలు, మనిషి కంటే పదింతలున్న అస్థిపంజరాలు కూడా ఈ కోవలోవే. ఆ చక్రాలను పైకి తెచ్చి పరీక్షకు పెట్టినవారు లేరు. ఆ రాక్షస అస్థిపంజరాల్లో బాగా పేరు పడిన బొమ్మ ఒక ఫోటో ఎడిటింగ్ పోటీ కోసం తయారు చేసింది. దయచేసి పంపకండి. మీ కొడుకు ఒక్క నిమిషంలో ఫోనులో చూసి అది దొంగ బొమ్మ అని తెలుసుకుంటాడు. మా అమ్మా నాన్నా ఇలాంటివి నమ్మే కదా యేసును నమ్మారు అనుకుంటాడు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా అతని చెవికెక్కవు.

అయితే పెద్దవాడైన దేవుని జాడ ఎక్కడుండాలి? క్రీస్తు పూర్వం 63లో ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాడు ఒకడున్నాడు, తెలిసో తెలియకో. రోమా సేనాని పాంపే యెరూషలేమును పట్టుకొని, ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ అడుగుపెట్టని అతి పరిశుద్ధ స్థలంలోకి నడిచి వెళ్ళాడు. ప్రతి గుడిలోనూ గర్భగుడిలో ఒక రూపం ఉంటుంది, ఈ యూదులు ఇంతగా కాపాడుకునే దేవుడెలా ఉంటాడో అని ఎవరికైనా అనిపిస్తుంది. తర్వాతి కాలపు రోమా చరిత్రకారుడు టాసిటస్ ఆ సంగతి వ్రాస్తూ, లోపల ఏ దేవుని బొమ్మా లేదనీ ఆ స్థలం ఖాళీ అనీ లోకానికి అప్పుడే తెలిసిందన్నాడు. మందసం బబులోనువారి కాలం నుండే లేదు. పాంపే చూసింది ఒట్టి గది.

రోమావారి లెక్కలో అది తేలిపోయిన విషయం. వెతకవలసిన చోటే వెతికారు, ఏమీ లేదు. కానీ ఆ గది ఖాళీగా ఉండాలన్నది ఇశ్రాయేలీయుల దేవుడు మొదటే చెప్పిన మాట. హోరేబులో మీరు స్వరం విన్నారు గాని ఏ రూపమూ చూడలేదని మోషే వారికి గుర్తు చేశాడు. ఆయన మరుగుపడిన దేవుడని యెషయా ఒప్పుకున్నాడు. అది నాస్తికుని నోటి మాట కాదు, ప్రవక్త ప్రార్థనలోని మాట. రూపం చూపిస్తానని ఆయన ఎన్నడూ మాట ఇవ్వనప్పుడు రూపం కనబడకపోవడం ఆయనకు విరోధమైన సాక్ష్యం ఎలా అవుతుంది?

ఇంకో వింత చూడండి. మొదటి శతాబ్దాల క్రైస్తవులను రోమావారు ఏమని నిందించారో తెలుసా? నాస్తికులని. గుడి లేదు, బలి లేదు, బొమ్మ లేదు, మరి వీళ్ళకు దేవుడెక్కడ అని. రెండవ శతాబ్దంలో జస్టిన్ చక్రవర్తికి వ్రాసిన విజ్ఞాపనలో ఈ నిందకు జవాబు చెప్పవలసి వచ్చింది. స్ముర్న సంఘపు వృద్ధ బిషపు పాలికార్పును క్రీడా స్థలంలో నిలబెట్టి, నాస్తికులు నశించాలని పలుకు, విడిచిపెడతాం అన్నాడు గవర్నరు. ఆయన చుట్టూ ఉన్న జనం వైపు చెయ్యి చూపి ఆ మాటే పలికాడు. తర్వాత ఆయన్ని కాల్చివేశారు. మన పిల్లలెవరైనా నాకు నమ్మకం లేదు అంటే ఉలిక్కిపడే పెద్దలకు ఇది గుర్తుండాలి. ఆ పేరు మొదట మోసినది మన పితరులే.

మరి ఆ క్రైస్తవుల దగ్గర చూపించడానికి ఏముంది? సృష్టి దేవుని మహిమను చాటుతున్నదని మనం నమ్ముతాం, అయితే అదే ఆకాశాన్ని చూసి నమ్మనివారూ ఉన్నారు. ప్రభువు తిరిగి లేచాడనడానికి పౌలు రాళ్ళను చూపలేదు, మనుషులను చూపించాడు. ఐదువందలమందికి పైగా చూశారు, వారిలో చాలామంది ఇంకా బ్రతికే ఉన్నారు అన్నాడు. కావాలంటే వెళ్ళి అడగండి అని దాని భావం. మన విశ్వాసం సాక్షుల మీద నిలబడింది. సాక్షి మాట నమ్మాలంటే ముందు సాక్షిని చూస్తారు.

ప్రభువే ఒక జాడ పేరు పెట్టి చెప్పాడు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో, మీరు ఒకరినొకరు ప్రేమిస్తే దానివల్లే మీరు నా శిష్యులని అందరూ తెలుసుకుంటారన్నాడు. 17వ అధ్యాయంలో, తన వారు ఏకమై ఉంటే తండ్రి తనను పంపాడని లోకం నమ్ముతుందని ప్రార్థించాడు. అంటే లోకం ఎక్కడ వెతకవచ్చో ఆయనే చోటు చూపించాడు. ఇది చీమ జాడ కాదు, ఏనుగు జాడ. అక్కడ వెతికి ఏమీ దొరకలేదని ఎవరైనా అంటే ఆ మాటకు బరువుంది.

కొన్ని కాలాల్లో ఆ జాడ శత్రువుకు కూడా కనబడింది. నాలుగవ శతాబ్దంలో జూలియన్ చక్రవర్తి క్రైస్తవ్యాన్ని విడిచి పాత దేవతలను మళ్ళీ నిలబెట్టాలని ప్రయత్నించాడు. అతడు తన పూజారి ఒకరికి వ్రాసిన ఉత్తరంలో, ఈ గలిలయవారు తమ బీదలనే కాదు మన బీదలను కూడా పోషిస్తున్నారు, అది మనకు సిగ్గు అని వాపోయాడు. మన పక్షాన ఇంతకంటే మంచి సాక్షి ఎవరు? అతనికి మనల్ని పొగడవలసిన అవసరం లేదు.

ఇప్పుడు మళ్ళీ మన ప్రాంతానికి వద్దాం. గోరా అని పిలిచే గోపరాజు రామచంద్రరావు గారి పేరు వినే ఉంటారు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, జంధ్యం తీసివేసి, దేవుడు లేడని బాహాటంగా చెప్పి, దానివల్ల కాకినాడలోనూ బందరులోనూ కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో భార్య సరస్వతి గారితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. గాంధీ గారి దగ్గరికి వెళ్ళి వాదించారు, ఆయనతో కలిసి పని చేశారు, దాన్ని గూర్చి పుస్తకం వ్రాశారు. తాము చెప్పినది తమ ఇంట్లోనే చేసి చూపించారు. పెద్ద కుమార్తెను అంటరానివారని లోకం దూరం పెట్టిన కుటుంబంలోని యువకునికిచ్చి 1948లో పెళ్ళి చేశారు. కుమారుడు లవణం గారు పెళ్ళాడింది హేమలత గారిని. ఆమె వినుకొండ గుర్రం జాషువా గారి కుమార్తె.

జాషువా గారు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి. కులం పేరుతో అగ్రవర్ణాల పండితులు ఆయన్ని అవమానించారు. పురాణాల మీద పద్యాలు వ్రాస్తున్నాడని మన క్రైస్తవులు ఆయన్ని దూరం పెట్టారు. అలాంటి ఇంటి ఆడపిల్లను కులం అడగకుండా కోడలిగా చేసుకున్నది దేవుడు లేడన్న ఇల్లు. ఆమె తర్వాత స్టువర్టుపురంలో నేరస్తులనే ముద్ర పడిన కుటుంబాల మధ్య, జోగినుల మధ్య జీవితాంతం పని చేశారు.

గోరా గారు దేవుని గూర్చి చెప్పిన మాటతో మేము ఏకీభవించం. ఆయన వాదానికి జవాబు చెప్పగలమనే అనుకుంటున్నాం. కానీ ఆయన ఇంటికి జవాబు చెప్పడం కష్టం. మన తెలుగు క్రైస్తవుల సంగతి చూడండి. ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు మందిరాలు, సిద్ధాంతంలో తేడా ఉండి కాదు. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో రక్షణ, బాప్తిస్మం, ఆ పక్కనే కులం పేరు. ఒకే రొట్టె విరిచిన చేతులు పిల్లనివ్వడానికి వచ్చేసరికి ముడుచుకుంటాయి. ప్రభువు చెప్పిన చోటే మన యౌవనస్థులు వెతికారు. వారు చదివిన పుస్తకాలు వారిని పాడుచేశాయని కొందరంటారు. ఆ పుస్తకాలు మేమూ కొన్ని చదివాం. వాటికి అంత బలం లేదు.

మన సమాధుల తోటలో, పై పేటవారి సమాధులకూ కింది పేటవారి సమాధులకూ మధ్య ఉన్న గోడ మీకందరికీ తెలుసు. అది ఎవరు కట్టించారో, ఏ సంవత్సరంలో కట్టించారో మందిరపు పాత పుస్తకాల్లో ఉంది, ఇక్కడ వ్రాయం. పోయిన వర్షాలకు అందులో పది అడుగుల మేర కూలింది. తిరిగి కట్టించడానికి చందా వేయాలని కొందరు పెద్దలు అర్జీ ఇచ్చారు. ఆ అర్జీ వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ ముందుకు వస్తుంది. చందా వద్దు, మిగిలినది కూడా తీసివేద్దాం, ఆ ఇటుకలు మందిరం వెనక బావి గట్టుకు వాడుకుందాం అన్నది మా ప్రతిపాదన. ఊళ్ళో ఉన్నవారందరూ రండి. దూరాన ఉన్న పిల్లలు మీ మాట వ్రాసి పంపండి. నమ్మకం లేదన్నవారు కూడా పంపవచ్చు, కమిటీ ముందు మేమే చదివి వినిపిస్తాం.